బెంజమిన్ గారి చలిబండి

యాప్రాల్ ఫ్లాట్‌కు మారాక ఇది మొదటి చలికాలం. తెల్లవారి మంచం దిగి నేల మీద కాలు పెట్టేసరికి ప్రాణం జిల్లుమంది. బిల్డరు గొప్పగా చెప్పి పరిచిన పాలరంగు టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి, ఐసులా కరుస్తున్నాయి. మల్కాజ్‌గిరిలో మేమున్న పాత అద్దింట్లో గచ్చు నేల గరుకుగా ఉండేది గానీ మనిషి మీద ఇంత కక్ష కట్టేది కాదు. "చెప్పులు అక్కడే పెట్టాను కదండీ, వేసుకోకూడదూ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. వేసుకోలేదు. గోడకున్న థర్మామీటరు వైపు చూశాను. పంతొమ్మిది అంటోంది. పంతొమ్మిదంటే హాయిగా ఉండాల్సిన అంకె. నా అరికాలు ఆ అంకెను ఒప్పుకోవడం లేదు. బెంజమిన్ గారు పక్కనుంటే, "థర్మామీటరుకు కాళ్ళుండవయ్యా సూర్యం" అని నన్ను విసిగించి ఉండేవారు. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముందు వచ్చేది విసుగే. గౌరవం దాని వెనక వస్తుంది. ప్రేమ ఇంకా వెనక, ఆలస్యంగా, ఆగి ఆగి వస్తుంది.

నాది విజయనగరం దగ్గర పల్లె. ఇంటర్‌తో చదువాగిపోయి, సికింద్రాబాద్‌లో మా బాబాయి ఉంటే ఆయన దగ్గరికి వచ్చి, క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద టైపిస్టుగా చేరాను. అది బెంజమిన్ గారి ఆఫీసు. పెద్ద భవనాలకు ఏసీలు బిగించడం, ఆ చల్లగాలి నడవడానికి రేకుతో డక్టులు చెయ్యడం ఆయన వ్యాపారం. ఎస్టిమేట్లు వేసే ఇంజినీరు ఎక్కువ జీతానికి వేరేచోటికి వెళ్ళిపోతే, పాత ఎస్టిమేట్లు ముందు పెట్టుకుని, చివర ఉన్న జవాబు నుంచి వెనక్కి నడుస్తూ ఆ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. గోడ ఏ దిక్కున ఉంది, అద్దం ఎంత, కప్పు మీద ఎండ ఎంత, లోపల మనుషులెందరు, కంప్యూటర్లెన్ని అన్నీ కూడితే ఎన్ని టన్నుల ఏసీ కావాలో తేలుతుంది. అవి ఊరికి పడమర వైపు బండరాళ్ళు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు గోడలు ఆరకముందే కుర్చీలు దించేవి. నా లెక్కలకు గిరాకీ పెరిగింది. ముప్ఫై రెండేళ్ళకే నన్ను నేను కాస్త గొప్పవాణ్ణనుకోవడం మొదలుపెట్టాను.

బెంజమిన్ గారికి నా లెక్కల మీద నమ్మకం లేక కాదు. ఆయనకు ఇంకో జబ్బుంది. ఎంత పెద్ద లెక్క వేసి చేతికిచ్చినా, "వేశావు సరే. అందులో కూర్చున్నావా?" అనేవారు. ఒకసారి ఒక కాల్ సెంటరు హాలుకు ఎస్టిమేటు పూర్తి చేశాను. అవతల కంపెనీ వాళ్ళు సంతకానికి తొందరపెడుతున్నారు. ఈయన మండు వేసవిలో ఆ కట్టీ కట్టని హాలుకు ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని బయల్దేరారు. మధ్యాహ్నం నుంచి ఒక్కో మూలకూ కుర్చీ జరుపుకుంటూ కూర్చున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. నేను గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాను. పడమటి అద్దాల పక్క మూలకు వచ్చాక లేవలేదు. "ఈ మూల ఎవరు కూర్చుంటారు?" అని అడిగారు. "ఎవరో ఒకరు సార్. మొత్తం హాలుకు సగటు ఇరవై నాలుగు డిగ్రీలు వస్తుంది" అన్నాను. "సగటు మీద ఎవరు కూర్చుంటారయ్యా? కుర్చీ మీద కూర్చుంటారు" అన్నారు. ఆ మూలకు ఇంకో డక్టు వేయించారు. సంతకం వారం ఆలస్యమైంది. నేను ఇంటికి వెళ్ళి మా ఆవిడ దగ్గర అరగంట అరిచాను.

అలాంటి మనిషి ఒక జూలై నెల ఉదయాన్నే నన్ను బొల్లారంలోని తన ఇంటికి రమ్మన్నారు. వేపచెట్టు కింద ఒక మినీ బస్సు నిలబడి ఉంది. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగులను తిప్పి తిప్పి అరగదీసి వేలంలో అమ్మేసిన బండి. సీట్లన్నీ పీకేసి ఉన్నాయి. మా డక్టు ఫిట్టరు యాదగిరి దాని చుట్టూ తిరుగుతూ తట్టి చూస్తున్నాడు. "దీన్ని ఇల్లు చెయ్యాలి సూర్యం. చలికాలమంతా ఒక మనిషి ఇందులో ఉండాలి. బయట మైనస్ ఇరవై. లోపల పదిహేను తగ్గకూడదు. లెక్క వెయ్యి" అన్నారు బెంజమిన్ గారు. నేను బస్సు వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశాను. యాదగిరి ఊరుకోలేదు. "ఏంది సార్ గిది? ఎండకు సచ్చేటోళ్ళకు ఏసీలు పెట్టేటోళ్ళం మనం. చలికి సచ్చేటోళ్ళతోని మనకేం పని?"

పని ఆయన చెల్లెలితో. రూతు సిస్టర్ హిమాచల్ కొండల్లో, చలికాలం వస్తే కనుమ దారి మూసుకుపోయే ఒక లోయలో, మిషన్ వాళ్ళ చిన్న ఆస్పత్రిలో నర్సు. అప్పటికే యాభై దాటాయి. ఆ ఎండాకాలం మంచు కరిగి వచ్చిన వరదలకు కొండచరియ జారి ఆవిడ ఉండే క్వార్టరు కూలిపోయింది. ఆస్పత్రి గది ఒక్కటే మిగిలింది. అందులో రోగులకే చోటు చాలదు. పైవాళ్ళు "ఈ చలికాలానికి దిగి వచ్చెయ్యండి, మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆవిడ రానన్నారు. నడి చలికాలంలో ముగ్గురు ఆడవాళ్ళు కనబోతున్నారు. దారి మూశాక ఆ లోయలో కాన్పు చేయడం తెలిసిన చెయ్యి ఇంకొకటి లేదు. ఇక్కడ బెంజమిన్ గారేమో భార్య పోయి, పిల్లలు లేక, బొల్లారంలో అంత ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. చెల్లెలు వస్తుందని ముందుగదికి సున్నం వేయించి, నవారు మంచం బిగించి, కిటికీకి పరదా కట్టించి సిద్ధంగా ఉంచారు. ఫోన్లో పోట్లాడుకోగా పోట్లాడుకోగా అన్నాచెల్లెళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆయన బండి తయారుచేస్తారు. ఆవిడ సెలవు మీద వచ్చి చూస్తుంది. ఇద్దరూ అందులో కూర్చుని పరీక్ష పెడతారు. బండి నెగ్గితే కనుమ మూసుకునేలోపు ఆవిడ దాంతో కొండెక్కుతుంది. ఓడితే మాట్లాడకుండా బొల్లారం వచ్చేస్తుంది.

నాకు ఈ ఏర్పాటు చూస్తే ఒళ్ళు మండింది. ఆఫీసులో రెండు పెద్ద పనులు సగంలో ఉన్నాయి. యజమాని ఇక్కడ బస్సు గోడలు తడుముతూ కూర్చున్నారు. అయినా లెక్క చూపిస్తే ఆగలేకపోవడం నా బలహీనత. ఆ సాయంత్రమే కూర్చున్నాను. మా పనిలో బయటి వేడి లోపలికి ఎంత వస్తుందో చూస్తాం. ఇక్కడ లోపలి వేడి బయటికి ఎంత పోతుందో చూడాలి. బాణం తిప్పి వేస్తే సరిపోతుందనుకున్నాను. మా ఊళ్ళల్లో వేడికి మొదటి దారి ఇంటి కప్పు. ఎండ నెత్తిన పడుతుంది, కాబట్టి కప్పుకు నాలుగంగుళాల థర్మోకోల్ చెప్పాను. గోడలకు రెండంగుళాలు. కిటికీలు సగం మూసేసి, మిగిలిన వాటికి రెండేసి అద్దాలు. కట్టెలతో మండే ఇనప పొయ్యి ఒకటి. కొండల్లో దాన్ని బుఖారీ అంటారట. పొగగొట్టం బయటికి పోవాలి. రేకుపని కదా, యాదగిరి ఒక్క పూటలో చేసేశాడు. చేసి, మా వాళ్ళు మిద్దెల మీద ఎండకు వేసినట్టే, ఎవరూ చెప్పకుండా బస్సు నెత్తికి తెల్లరంగు కూడా పూసేశాడు. దాన్ని చూసి నేనూ మెచ్చుకున్నాను. బెంజమిన్ గారూ మెచ్చుకున్నారు.

అక్కడి నుంచి మొదలైంది నస. తలుపు గడియ మరీ చిన్నది, చేతికి ఉన్ని తొడుగు వేసుకుంటే పట్టు దొరకదు, మార్చు. నీళ్ళ డబ్బా గోడకు ఆనించారు, గడ్డకడుతుంది, పొయ్యి దగ్గరికి జరుపు. మంచం ఎత్తు చాలదు. మంచం ఎత్తు ఎక్కువైంది. గోడల సందులన్నీ నేను కష్టపడి మూయిస్తే, తలుపు బిగించుకుని లోపల కూర్చుని, చెమట కార్చుకుంటూ బయటికి వచ్చి, "సూర్యం, ఊపిరి ఎటు పోతుంది?" అన్నారు. అద్దాల మీద ఆవిరి పట్టి నీళ్ళు కారుతున్నాయి. "మనిషి ఊపిరి లెక్కలో రాలేదు. పైగా మూసిన డబ్బాలో పొయ్యి. నా చెల్లెల్ని పొగపెట్టి చంపుతావా?" నేను ఒక్కొక్క సందూ మూయించి సాధించిన లాభమంతా ఆయన పైనొకటి కిందొకటి గాలిరంధ్రాలు పెట్టించి పోగొట్టారు. అది న్యాయమేనని తెలుసు. తెలిసినా పళ్ళు కొరుక్కున్నాను. కొరుక్కోవడానికి ఇంకో కారణం ఉంది. ఆగస్టు పోయింది, సెప్టెంబరు సగమైంది. ఒకరోజు టీ తాగుతూ యాదగిరి మెల్లగా అన్నాడు: "సూర్యం సారూ, నాకొక అనుమానం కొడ్తుంది. పెద్దసార్‌కు ఈ బండి ఖతం అవుడు ఇష్టం లేదు. దినాం ఒక వంక. ఆడ తొవ్వ బందయినంక, అయ్యో లేటయింది బిడ్డా అంటడు. గంతే." నాకూ సరిగ్గా అదే అనిపిస్తోంది. ముందుగదిలో ఆ నవారు మంచం, ఆ పరదా చూసినప్పుడల్లా అదే అనిపిస్తోంది.

రూతు సిస్టర్ రైలు దిగి ఆటోలో వచ్చారు. పొట్టిగా, ఎండకు మాడినట్టు చలికి మాడిన మొహంతో, చేతిలో ఒకే ఒక్క సంచితో. ఇంట్లోకి కూడా వెళ్ళకుండా బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"అన్నయ్యా, బండి చేస్తున్నావా, బైబిల్లో నోవహులా ఓడ చేస్తున్నావా? ఇన్నాళ్ళు పట్టింది?"

"ఓడైతే నయమే. కొలతలు దేవుడు చెప్పాడు. ఇక్కడ సూర్యం చెప్తున్నాడు" అన్నారు బెంజమిన్ గారు.

"పైన ఈ తెల్లరంగు ఎవరి తెలివి? చుట్టూ మంచు, మంచులో తెల్ల బస్సు. రాత్రిపూట నా కోసం వచ్చేవాడు దాన్ని ఎక్కడని వెతుక్కోవాలి?"

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యాదగిరి బ్రష్ తీసుకుని ఎర్రరంగు కోసం వెళ్ళాడు. వెళ్తూ నా చెవిలో, "ఈ అమ్మ గెలుస్తది సారూ" అన్నాడు.

పరీక్ష ఎలా పెట్టాలన్నది నేను చెప్పిన ఉపాయమే. సికింద్రాబాద్‌లో మైనస్ ఎక్కడ దొరుకుతుంది? ఇంటి వెనక డక్టు రేకులు పెట్టుకునే షెడ్డులోకి బస్సును తోయించి, ఐసు ఫ్యాక్టరీ నుంచి లారీ నిండా ఐసు దిమ్మలు తెప్పించాం. బస్సు మీద, పక్కల దిమ్మలు పేర్చి, చలి మైనస్‌లోకి దిగేలా ఉప్పు చల్లి, ఊక పోసి, టార్పాలిన్ కప్పాలి. గేటు దగ్గర గుంపు చేరింది. "చేపల వ్యాపారం షురూ చేసిండ్రా?" అని ఎవరో అడిగారు. యాదగిరి రాతి ఉప్పు గుప్పిళ్ళతో విసురుతూ, "కాదన్నా, సిస్టరమ్మను కుల్ఫీ చేస్తున్నం" అని జవాబిచ్చాడు. నెత్తి మీద దిమ్మలు జారిపోతుంటే, మిగిలినవి ఎండకు కరగకుండా చక్రాల మధ్య బస్సు కిందికి తోసేశాడు. ఎక్కడో ఒకచోట పెట్టాలని పెట్టాడంతే. ఆ పని చెయ్యమని నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

బుఖారీ అంటించి బెంజమిన్ గారు, సిస్టర్, నేను లోపలికెక్కి తలుపు వేసుకున్నాం. నేను బస్సు నడుమ నా తల ఎత్తున థర్మామీటరు వేలాడదీశాను. బయట షెడ్డులో గాలి మంచులా ఉంది. లోపల అంకె మెల్లగా ఎక్కింది. పదమూడు. పదిహేను. పదిహేడు దగ్గర నిలిచింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నాళ్ళ తంటాకు ఒక జవాబు వచ్చింది. ఈ ఆడమనిషి తన బస్సు తీసుకుని వెళ్తుంది, ఈయన ఆఫీసుకొస్తారు, నేను నా అద్దాల మేడల దగ్గరికి వెళ్తాను. "నెగ్గింది సార్. రెండు డిగ్రీలు ఎక్కువే వచ్చింది" అన్నాను. రూతు సిస్టర్ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "హాయిగా ఉంది. మా పాత క్వార్టరు కంటే నయం" అన్నారు.

 బెంజమిన్ గారు ఎప్పటిలాగే తన కుర్చీ తెచ్చుకున్నారు గానీ దాని మీద కూర్చోలేదు. చెప్పులు విప్పి నేల మీద చతికిలబడ్డారు. ఒక అరచెయ్యి నేలకు ఆనించి చాలాసేపు ఉన్నారు. తరవాత తలెత్తారు.

"రూతూ, కాళ్ళు కింద పెట్టు."

"ఎందుకు? ఇలా బాగానే ఉంది."

"పెట్టమంటున్నానా."

"నేను పెట్టను."

"అన్నయ్య మాట వినవా?"

"చిన్నప్పట్నుంచీ ఎప్పుడు విన్నాను?"

నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడకు ముందే తెలుసు. ఎక్కిన నిమిషంలోనే పాదం ఆనించి చూసి, పైకి తీసుకుని చీర అంచు కింద దాచుకున్నారు. నా వైపు తిరిగి బెంజమిన్ గారు, "నువ్వు బూట్లు విప్పు" అన్నారు. విప్పాను. మేజోళ్ళు కూడా విప్పమన్నారు. అరికాలు నేలకు తగలగానే అప్రయత్నంగా వెనక్కి లాక్కున్నాను. ఐసు దిమ్మ మీద పెట్టినట్టే ఉంది. థర్మామీటరు తీసి నేల మీద పెడితే అంకె జారి జారి నాలుగు దగ్గర ఆగింది. తల దగ్గర పదిహేడు, కాళ్ళ దగ్గర నాలుగు. నేలకు మేం వేసింది పాత రేకు, దాని మీద ఒక పల్చటి రబ్బరు పట్టా. అంతే. దాని గురించి ఎవరమూ ఒక్క మాట కూడా అనుకోలేదు. ఎలా అనుకుంటాం? పుట్టినప్పటి నుంచీ ఎండాకాలం చాప తీసి నేల మీద పడుకున్నవాళ్ళం. మాకు నేల అంటే చల్లదనాన్నిచ్చే తల్లి. మా లెక్కలో శత్రువు ఎప్పుడూ పైనుంచే వస్తాడు. కింద గాలి ఆడే బండిలో, మంచు మీద నిలబడే బండిలో, ఆ తల్లే మనిషిని పీల్చేస్తుందని ఎండల్లో పుట్టి పెరిగినవాడికి తోచదు.

రూతు సిస్టర్ కాళ్ళు దించారు. ఇక దాచి లాభం లేదు. "మాటంటే మాట. బండి ఓడింది. నేను రేపు ఫోన్ చేసి వాళ్ళకు చెప్తాను" అన్నారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం సంచి తాడును మెలిపెడుతున్నాయి. "ముగ్గురిలో ఒకామెకు ఇది తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. అప్పటికి తిరుగుతుందేమోలే" అన్నారు, మాతో కాదు, పొయ్యితో అన్నట్టు.

నేను బెంజమిన్ గారి మొహం చూశాను. ఆయన కోరుకున్నది కోరుకున్నట్టు ఆయన ఒళ్ళో వచ్చి పడింది. మోసం లేదు, వంక లేదు. పరీక్ష నిజంగా పెట్టారు, బండి నిజంగా ఓడింది. ఆయన గోడ పట్టుకుని లేచి, తలుపు తీసి, "యాదగిరీ! పలుగు తీసుకురా. నేల ఊడదియ్యాలి" అని కేకేశారు.

నాకు సహనం అంతటితో ఆఖరైంది. మూడు నెలల విసుగు ఒక్కసారి బయటికి వచ్చింది. "సార్, ఏమిటిది? మీరు కోరుకున్నది ఇదే కదా! సిస్టర్ ఇక్కడే ఉండిపోవాలనే కదా! గది కూడా సిద్ధం చేశారు. ఇప్పుడు నేల ఊడదీయడమేమిటి? మీకు నిజంగా ఏం కావాలో మీకైనా తెలుసా?"

అంతకు ముందు ఎప్పుడూ ఆయన మీద గొంతు ఎత్తలేదు. రూతు సిస్టర్ కూడా తల తిప్పి చూశారు. ఆయనకు కోపం రాలేదు. అలసటగా నా వైపు చూశారు. "అవునయ్యా, ఇదే కోరుకున్నాను. అందుకే దీన్ని నమ్మలేకపోతున్నాను. ఇష్టం లేని జవాబు వస్తే మళ్ళీ మళ్ళీ కూడతావు కదా. ఇష్టమైన జవాబు వచ్చినప్పుడు మాత్రం కలం మూత పెట్టేస్తావు. నేనిప్పుడు మూత పెట్టేస్తే అక్కడ కడుపుతో ఉన్న పిల్లకు ఏం చెప్పను? మా చెల్లెలు ఇక్కడికి రావడం నాకిష్టం కాబట్టి బస్సు నేల చల్లబడిందని చెప్పనా? ఓడింది నేల. రూతు కాదు." తరవాత మళ్ళీ తన మామూలు గొంతులోకి వచ్చి, "నిలబడి చూస్తావేం? ఎంత మందం కావాలో లెక్క వెయ్యి. ఈసారి కాళ్ళతో వెయ్యి" అన్నారు.

రేకు మీద కర్ర పట్టీలు బిగించి, పట్టీల మధ్య మూడంగుళాల థర్మోకోల్ నింపి, దాని మీద ప్లైవుడ్ వేశాం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్ళు పాత బొంతలు, జంపఖానాలు తెచ్చి ఇచ్చారు. అవి రెండు వరసలు. నేల ఎత్తు పెరిగినందుకు తలుపు కోయాల్సి వచ్చింది, తలుపు కోసినందుకు గడియ మళ్ళీ మార్చాల్సి వచ్చింది, గడియ మార్చేటప్పుడు యాదగిరి పలికిన మాటలు జ్ఞాపకాల్లో రాయదగినవి కావు. మళ్ళీ ఐసు తెప్పించాం. ఈసారి దాదాపు అంతా బస్సు కిందే పెట్టాం. ముగ్గురం ఎక్కాం. "ఇప్పుడు పెట్టు" అన్నారు బెంజమిన్ గారు. రూతు సిస్టర్ రెండు పాదాలూ నేల మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆ పాదాల వైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆవిడ కాలివేళ్ళు సుఖంగా విచ్చుకున్నాయి. అది చూసి ఆయన మొహం వాడిపోయింది. గెలిచినవాడి మొహం అలా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. "నెగ్గింది" అని ఆ మాట ఆయనే అన్నారు. నన్ను అననివ్వలేదు.

కనుమ మూసుకునే ముందు ఆ బస్సు కొండెక్కింది. బెంజమిన్ గారు డ్రైవరు పక్కన కూర్చుని తనూ వెళ్ళి, లోయలో ఆస్పత్రి గోడకు ఆనించి నిలబెట్టి, చక్రాల చుట్టూ గడ్డి కట్టలు పేర్పించి, ఆయన ఒక్కరే తిరిగి వచ్చారు. ఆ తరవాత మంచు పడి, ఫోన్ తీగలు తెగి, లోయ నుంచి మాట లేదు. డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే ఏవో కాగితాల మీద సంతకానికి బొల్లారం వెళ్తే, వరండాలో సిమెంటు నేల మీద, చాప కూడా లేకుండా, ఉత్త కాళ్ళతో కూర్చుని కనిపించారు. బొల్లారంలో ఆ పూట పొగమంచు. అరవై ఏళ్ళ మనిషి.

"ఏం చేస్తున్నారు సార్, ఈ చలిలో?"

"చూస్తున్నా" అన్నారు.

ఏం చూస్తున్నారని నేను అడగలేదు. సంతకం పెట్టించుకుని వచ్చేశాను. దారంతా విసుక్కున్నాను, ఈ మనిషికి న్యుమోనియా వస్తే ఆఫీసు ఎవరు నడుపుతారని.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకే ఫోన్ వచ్చింది. ఆయన స్పీకరు నొక్కారు. "అన్నయ్యా, నీ బండి గురించి నాకొక ఫిర్యాదు ఉంది" అంది అవతలి గొంతు. ఈయన కుర్చీలో ముందుకు జరిగారు. "ఊళ్ళో నీ బస్సంత వెచ్చని చోటు లేదని అందరికీ తెలిసిపోయింది. ఇంక చూడు! ముసలమ్మలు మధ్యాహ్నం నిద్రకు నా దగ్గరికే. ఎవరో మేకపిల్లల్ని కూడా తెచ్చి వదిలారు. ముగ్గురూ ఇందులోనే కన్నారు. ఆస్పత్రి గదిలో నీళ్ళు గడ్డకట్టాయి, అందుకని ఇక్కడే, నేల మీదే పరుపు వేశాం. ఆ అడ్డం తిరిగిన బిడ్డ కూడా బాగుంది. ఆడపిల్ల. నా మంచం మీద నేను పడుకోవడానికే చోటు లేకపోయింది, తెలుసా?"

 బెంజమిన్ గారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు ఒక్కసారిగా అరిచారు: "అంతమంది ఎక్కితే ఎలా? సూర్యం ఒక్క మనిషికే లెక్క వేశాడు! గాలిరంధ్రాలు చాలవు! రెండోది పెద్దది చేయించు!" ఆవిడ అవతల పడీ పడీ నవ్వుతున్నారు. ఈయన నా వైపు తిరిగి, "కూర్చున్నావేం? మేకపిల్లకు ఎంత ఊపిరి కావాలో కనుక్కో" అన్నారు. నిజంగానే కనుక్కోమన్నారు. నిజంగానే కనుక్కున్నాను.

ఆ బస్సులో ఆవిడ ఇంకా రెండు చలికాలాలున్నారు. కొత్త క్వార్టరు కట్టాక రిటైరై, చివరికి బొల్లారం ముందుగదిలోకే వచ్చారు. పరదా వెలిసిపోయి ఉంది, నవారు వదులైంది. అన్నాచెల్లెళ్ళు కొన్నేళ్ళు కూరలో ఉప్పు దగ్గర నుంచి ప్రార్థనలో పాట వరకూ పోట్లాడుకుంటూ కలిసి ఉన్నారు. ఆ గది నేల చల్లగా ఉందని ఆవిడ ఎప్పుడైనా అంటే, "ఎండాకాలం రానీ, అప్పుడు మెచ్చుకుంటావు" అనేవారట. ఒక ఏప్రిల్‌లో ఆయన పోయారు. సమాధి దగ్గర రూతు సిస్టర్ చెప్పులు బయట విప్పి, కాలే మట్టి మీద నిలబడ్డారు. నేనూ విప్పాను. యాదగిరీ విప్పాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నా లెక్కలు కంప్యూటరు వేస్తుంది. గదుల పటం పెడితే చాలు, జవాబు దానంతటదే వస్తుంది. ఈ వారం మల్కాజ్‌గిరిలో ఒక డయాలసిస్ సెంటరుకు ఎస్టిమేటు వేశాను. అనుకున్నదానికంటే చిన్న మెషీను చాలునని వచ్చింది. చాలా ఇష్టమైన జవాబు. పోటీకి వచ్చిన ఇంకో కంపెనీ కంటే మేం తక్కువకు పాడగలం. సంతకం పెట్టబోయాను. అంతలో అరికాళ్ళు జివ్వుమన్నాయి. విసుక్కుంటూ, ఆయన్నీ నన్నూ తిట్టుకుంటూ, బండి తీసి ఆ సెంటరుకు వెళ్ళాను. మంచాలు ఇంకా రాలేదు. రోగులు గంటల తరబడి కదలకుండా పడుకోవాల్సిన చోటు కనుక్కుని, అక్కడ బూట్లు, మేజోళ్ళు విప్పి, నేల మీద కూర్చుని, అరచెయ్యి ఆనించాను. ఆ సెంటరు నడిపే డాక్టరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి కంగారుపడింది.

"ఏమైందండీ? కళ్ళు తిరిగాయా? ఏం చేస్తున్నారక్కడ?"

"చూస్తున్నానమ్మా" అన్నాను.